పంపు వద్ద ఒక లెక్క, స్తంభము చివర మరియొక లెక్క

గత వేసవి సెలవులలో మా పూర్వ విద్యార్థి యొకడు మమ్ములను చూడవచ్చినాడు. పెద్దేముల్ సమీప గ్రామమునకు చెందిన రైతు బిడ్డ. మన కళాశాలలో బి.యస్‌సి. పూర్తిచేసి, హైదరాబాదు శివార్లలోని ఒక ఔషధ కర్మాగారమున, నాణ్యతా పరీక్షాశాలలో ఉద్యోగము సంపాదించినాడు. క్షేమ సమాచారములు ముగిసిన పిదప సంచిలోనుండి ఒక నోటు పుస్తకము తీసి మా ముందుంచి, “సార్, ఒక లెక్కలో తప్పు చేసినాను. తప్పు ఎక్కడున్నదో ఎవరును చెప్పలేదు. చీవాట్లు మాత్రము పెట్టినారు” అన్నాడు. ప్రొబేషనులో నున్నవానికి అట్టి చీవాట్లు చిన్న విషయము కావు. నౌకరి ఖాయమగునో కాదో అన్న దిగులు వాని ముఖమున స్పష్టముగా కనిపించినది.

మేము తెలుగు చెప్పుకొనువారము. రసాయన శాస్త్రము మా వృత్తి కాదు. కాని ఆ పుస్తకము చూచిన తరువాత, అందులో రసాయన శాస్త్రము కంటె త్రైరాశికమే ఎక్కువగా నున్నట్లు మాకు తోచినది. రసాయన శాస్త్ర శాఖలోని మిత్రులొకరిని పిలిపించి మువ్వురమును ఒక సాయంకాలము కూర్చుంటిమి. ఆనాడు తెలిసికొన్న విషయమే ఈ వ్యాసము. తాండూరు, వికారాబాదు, పెద్దేముల్ ప్రాంతములనుండి జీడిమెట్ల, బొల్లారము, పటాన్‌చెరువు కర్మాగారములకు ఉద్యోగార్థులై వెళ్ళు విద్యార్థులు పలువురు గలరు. ఈ ప్రశ్న వారికిని ఎదురుపడగలదు.

ముందు వాని లెక్కను చెప్పెదము. యంత్రమునకు రెండు సీసాలు. ఒకదానిలో నీరు, రెండవదానిలో అసిటోనైట్రైల్ అను ద్రావణి. పరీక్ష ప్రారంభమున మిశ్రమములో అసిటోనైట్రైల్ నూటికి 5 పాళ్ళు. 30 నిమిషములలో అది క్రమముగా పెరిగి 65 పాళ్ళగును. ప్రవాహము నిమిషమునకు 1 మిల్లీలీటరు. వారు వెదకుచున్న పదార్థము యొక్క శిఖరము 18వ నిమిషమున తెరపై కనిపించినది. “ఆ పదార్థము స్తంభమునుండి బయటపడునప్పుడు దాని చుట్టునున్న ద్రావణిలో అసిటోనైట్రైల్ ఎంత?” అని పై అధికారి అడిగినాడు. నిమిషమునకు 2 చొప్పున 18 నిమిషములకు 36, మొదటి 5 కలుపగా 41 అని మనవాడు వ్రాసినాడు. అంతటితో ఆగక, 41 పాళ్ళ మిశ్రమమును ఒకేసారి కలిపి, మార్పు లేకుండ దానితోనే మరల పరీక్ష నడిపినాడు. శిఖరము సుమారు 5 నిమిషములకే వచ్చి, ముందుగా వచ్చు ఇతర పదార్థములలో కలిసిపోయినది. రెండు దినముల పని వ్యర్థమైనది.

41 అను సంఖ్యలో కూడికల తప్పు లేదు. అయితే అది పంపు వద్ద సంఖ్య. అడిగిన ప్రశ్న స్తంభము చివరను గురించినది. ఈ రెండింటి నడుమ దూరమెంతయో తెలియుటకు ఆ యంత్రములో ఏమి జరుగుచున్నదో కొంత తెలిసికొనవలెను.

క్రొమటోగ్రఫీ అనగా గ్రీకు భాషలో రంగుల వ్రాత. రష్యా దేశీయుడైన వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెత్ వార్సా నగరమున 1903లో దీనిని గురించి ఉపన్యసించి, 1906లో ఈ పేరు పెట్టినాడు. రష్యన్ భాషలో త్స్వెత్ అనగా రంగు అనియే అర్థమగుట ఒక చిత్రము. గాజు గొట్టములో కాల్షియమ్ కార్బొనేట్ పొడిని కూరి, ఆకుల రసమును పైన పోసి, పెట్రోలియమ్ ఈథరు వంటి ద్రావణితో కడుగగా, పచ్చ, పసుపు వర్ణకములు వేరువేరు పట్టీలుగా విడిపోయినవి. కాల్షియమ్ కార్బొనేట్ అనగా మనకు దూరపు వస్తువు కాదు. మన ఇండ్లలో పరచుకొను తాండూరు నాపరాయిలో ప్రధానముగా నున్నది అదియే.

గొట్టములో కూరిన పొడిని స్థిర ప్రావస్థ అనియు, దానిగుండ ప్రవహించు ద్రావణిని చలన ప్రావస్థ అనియు మన పాఠ్యపుస్తకములలో చదివియుందురు. నేటి ఔషధ పరీక్షాశాలలలో గాజు గొట్టమునకు బదులు ఉక్కు స్తంభము, సున్నపు పొడికి బదులు 18 కార్బనుల గొలుసులు తొడిగిన సిలికా రేణువులు, చేతితో పోయుటకు బదులు అధిక పీడనపు పంపు వచ్చినవి. హెచ్.పి.ఎల్.సి. అని అందరు పిలుచునది ఇదియే. ఈ సిలికా రేణువుల పైభాగము నూనె స్వభావము గలది. కనుక నీటిని ప్రేమించు పదార్థములు త్వరగా జారిపోవును. జిడ్డు స్వభావము గలవి అంటుకొని నిలుచును. అంటుకొన్నవానిని కదల్చుటకు నీటిలో అసిటోనైట్రైల్, లేక మెథనాల్ కలుపవలెను. ఎంత ఎక్కువ కలిపిన అంత త్వరగా కదలును.

ఇక్కడ ఒక చిక్కు గలదు. వంట పాత్రకు అంటిన గంజి వట్టి నీటితో పోవును, నెయ్యి జిడ్డు పోదు. నెయ్యికి తగిన సబ్బు నీటితో మొదలుపెట్టినచో గంజి, పప్పు, బెల్లము అన్నియు ఒక్కసారిగా కొట్టుకొనిపోవును, ఏది ఎప్పుడు పోయినదో తెలియదు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది గదా. ఆ కంది పొట్టును మద్యసారములో నానవేసి తీసిన రసమును పరీక్షించుదమన్నను ఇదే చిక్కు. తేలికగా జారునవి కొన్ని, గట్టిగా పట్టుకొనునవి కొన్ని, అన్నియు ఒకే సీసాలో నుండును. ఒకే మిశ్రమముతో నడిపినచో మొదటివి గుంపుగా వచ్చును, చివరివి గంటల తరబడి రావు, వచ్చినను పలుచబడి గుర్తింపరాక పోవును. అందుచే పలుచని ద్రావణితో ప్రారంభించి, క్రమక్రమముగా బలము పెంచుట అను పద్ధతి ఏర్పడినది. దీనినే గ్రేడియంట్ అందురు, మన పారిభాషిక పదము ప్రవణత. స్వీడన్ దేశమున ఆల్మ్, విలియమ్స్, టిసేలియస్ అనువారు 1952లో దీనిని శాస్త్రీయముగా ప్రకటించినారు. వారిలో టిసేలియస్ అంతకుముందే, 1948లో, నోబెల్ బహుమతి పొందినవాడు. మార్పు లేకుండ ఒకే మిశ్రమముతో నడుపుటను ఐసోక్రాటిక్ అందురు.

ఆ రోజులలో కంప్యూటరు లేదు. మరి క్రమముగా బలము పెంచుట ఎట్లు? రెండు పాత్రలతో. ఈ ఉపాయము మాకు మిక్కిలి నచ్చినది. సమానమైన వెడల్పు గల రెండు పాత్రలను ప్రక్కప్రక్కన నుంచి అడుగున సన్నని గొట్టముతో కలుపవలెను. మొదటి పాత్రలో 10 పాళ్ళ ద్రావణి 100 మిల్లీలీటర్లు, రెండవదానిలో 50 పాళ్ళ ద్రావణి 100 మిల్లీలీటర్లు. మొదటి పాత్రను కలుపుచు, దానినుండి మాత్రమే బయటికి తీయవలెను. మొదటి పాత్రలో మట్టము తగ్గినకొలది రెండవదానినుండి బలమైన ద్రావణి వచ్చి చేరును. రెండు మట్టములు సమముగా దిగును. బయటికి వచ్చు చుక్కలో బలము 10 నుండి 50 వరకు సరళరేఖగా పెరుగును. మొత్తము 200 మిల్లీలీటర్లలో 50 బయటికి వచ్చినప్పుడు నాలుగవ వంతు దారి నడిచినట్లు గనుక, 40లో నాలుగవ వంతు 10, మొదటి 10 కలిపి 20 పాళ్ళు. మొదటి చుక్క 10, చివరి చుక్క 50. 1954లో బాక్, లింగ్ అనువారు ఇట్టి పాత్రల అమరికలను గూర్చి లెక్కలు కట్టి ప్రకటించినారు.

అట్లుకాక మొదటి పాత్రను మూతబిగించి, ఎంత బయటికి పోయిన అంత లోపలికి వచ్చునట్లు చేసినచో సరళరేఖ రాదు. 100 మిల్లీలీటర్లు పోయిన తరువాత బలము సుమారు 35 పాళ్ళు, 200 పోయిన తరువాత సుమారు 44న్నర, ఆపై 50కి చేరువగుచునే యుండును గాని ఎన్నటికిని పూర్తిగా చేరదు. ఈ మూతబిగించిన పాత్రను గుర్తుంచుకొనవలెను. నేటి యంత్రములోను ఇది చిన్న రూపములో దాగియున్నది, మిక్సరు అను పేరుతో.

ఇప్పుడు నేటి యంత్రమునకు వత్తము. నేడు పాత్రలకు బదులు పట్టిక. ఏ నిమిషమున రెండవ సీసా పాలు ఎంత అని పట్టికలో వ్రాసి ఇచ్చిన, పంపు ఆ ప్రకారము నడచును. రెండు వరుసల నడుమ నిమిషములలో బలమెంత అనునది త్రైరాశికము. ఉర్దూ మాధ్యమమున చదివిన మన విద్యార్థులు దీనినే అర్బా ముతనాసిబా అందురు. పేరు ఏదైనను లెక్క ఒక్కటే. పై వరుస కాలము తీసివేసి, మిగిలిన కాలమును ఆ భాగపు మొత్తము కాలముతో భాగించి, బలములోని తేడాతో గుణించి, పై వరుస బలమునకు కలుపవలెను.

ఇంత సులభమైన దానిలోను పొరపడుట గలదు. ఒక పట్టిక ఇట్లున్నదనుకొందము. 0 నుండి 4వ నిమిషము వరకు రెండవ సీసా 10 పాళ్ళు, మార్పు లేదు. 4 నుండి 24 వరకు 10 నుండి 60కి పెరుగుదల. 24 నుండి 28 వరకు 60, మార్పు లేదు. 19న్నర నిమిషమున పంపు వద్ద ఎంత? కొందరు 19న్నరను 28తో భాగింతురు, కొందరు 24తో భాగింతురు. రెండును తప్పే. పెరుగుదల 4వ నిమిషమున మొదలైనది గనుక నడిచిన కాలము 15న్నర నిమిషములు. భాగము పొడవు 20 నిమిషములు. తేడా 50. లెక్క 38.75, మొదటి 10 కలిపి 48.75 పాళ్ళు.

ఇందులో మరియొక మోసము గలదు. పట్టికలో వ్రాసినది రెండవ సీసా పాలు, అసిటోనైట్రైల్ పాలు కాదు. చాల పరీక్షాశాలలలో శుద్ధమైన నీరు, శుద్ధమైన అసిటోనైట్రైల్ వాడరు. మొదటి సీసాలోనే 5 పాళ్ళ అసిటోనైట్రైల్ కలిపియుంచెదరు, రెండవ సీసాలో 90 పాళ్ళు మాత్రమే యుంచెదరు. అట్టిచోట రెండవ సీసా 40 పాళ్ళున్నప్పుడు, మొదటి సీసానుండి వచ్చిన 60 పాళ్ళలో 3, రెండవ సీసానుండి వచ్చిన 40 పాళ్ళలో 36, వెరసి 39 పాళ్ళు నిజమైన అసిటోనైట్రైల్. ఇక్కడ 40కి 39కి తేడా స్వల్పము గనుక పొరపాటు బయటపడదు. రెండవ సీసా 90 పాళ్ళున్న చోట నిజమైనది 81న్నర మాత్రమే, అక్కడ బయటపడును. మన విద్యార్థి ఈ తప్పు చేయలేదు, వాని సీసాలు శుద్ధమైనవే.

వాని తప్పు వేరొకటి. దానిని చెప్పుటకు మేము కోట్‌పల్లి ప్రాజెక్టు కాలువను ఉదాహరణగా తీసికొంటిమి. తూము తెరచినవాడు తూము వద్ద నీరు చూచి ఆరు గంటలకు నీరు వచ్చినదనును. కాలువ చివరి పొలము రైతు తన పొలములో తడి చూచి, ఇంకను రాలేదనును. ఇద్దరును నిజమే చెప్పుచున్నారు. కాలువలో అంతకుముందే నిలిచియున్న పాత నీరు ముందుగా కదలవలెను, దాని వెనుకనే క్రొత్త నీరు. ఎర్ర నీరు తూము వద్ద కనిపించిన గడియకు చివరి పొలములో పారునది ఇంకను తేట నీరే. ఈ మాట చెప్పినంతనే మా విద్యార్థి తలపట్టుకొని, “మా పొలము కాలువ చివరనే యున్నది సార్, ఇది నాకు తెలియవలసినది” అన్నాడు.

యంత్రములోను అంతే. రెండు ద్రావణులు కలియు చోటినుండి స్తంభపు ముఖము వరకు మిక్సరు, గొట్టములు, సూదితో మందు ఎక్కించు భాగము ఉండును. వీనిలో నిలుచు ద్రావణి పరిమాణమును డ్వెల్ వాల్యూమ్ అందురు. మనము నిలువ పరిమాణమనవచ్చును. ఇది యంత్రమును బట్టి మారును. రెండు పంపులు విడివిడిగా నెట్టి, అధిక పీడనమున కలుపు యంత్రములలో సాధారణముగా తక్కువ. ఒకే పంపు ముందు కవాటముల ద్వారా కలుపుకొని నెట్టు యంత్రములలో సాధారణముగా ఎక్కువ. మన విద్యార్థి యంత్రములో 1 మిల్లీలీటరు. ప్రవాహము నిమిషమునకు 1 మిల్లీలీటరు గనుక, పంపు వద్ద తయారైన మిశ్రమము స్తంభపు ముఖమునకు చేరుటకు 1 నిమిషము పట్టును. అనగా 18వ నిమిషమున స్తంభపు ముఖమున నున్నది 17వ నిమిషపు మిశ్రమము, 39 పాళ్ళు.

అంతటితోను ముగియలేదు. స్తంభము కూడ ఒక కాలువయే. దాని పొడవు 250 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసము 4.6 మిల్లీమీటర్లు. ఖాళీ గొట్టమైనచో అందులో సుమారు 4.15 మిల్లీలీటర్లు పట్టును. రేణువులు కూరిన తరువాత ద్రావణికి మిగులు చోటు అందులో సుమారు 60 శాతము, అనగా 2న్నర మిల్లీలీటర్లు. ద్రావణి ముఖమునుండి చివరకు చేరుటకు 2న్నర నిమిషములు పట్టును. కనుక 18వ నిమిషమున స్తంభపు చివరనున్నది, 18 లోనుండి 1 తీసివేసి, మరల 2న్నర తీసివేయగా మిగిలిన 14న్నరవ నిమిషపు మిశ్రమము. నిమిషమునకు 2 చొప్పున 29, మొదటి 5 కలిపి 34 పాళ్ళు. పై అధికారి అడిగిన ప్రశ్నకు జవాబు ఇది.

పంపు వద్ద 41, స్తంభపు ముఖమున 39, చివరన 34. ఒకే గడియకు మూడు జవాబులు. 7 పాళ్ళ తేడాకు ఇంత రాద్ధాంతమా అని మేమును అడిగితిమి. రసాయన మిత్రులు చెప్పిన సమాధానము ఆశ్చర్యము కలిగించినది. పదార్థము స్తంభమును పట్టుకొను శక్తి ద్రావణి బలముతో సరళముగా తగ్గదు. ఆ శక్తి యొక్క లాగరిథమ్ సరళముగా తగ్గును. లాయిడ్ స్నైడర్ అను అమెరికా శాస్త్రజ్ఞుని సిద్ధాంతము దీనిపైననే నిలిచియున్నది. చిన్న అణువులకు బలము నూటికి 100 పాళ్ళు మారినచో ఆ లాగరిథమ్ సుమారు 4 తగ్గునని స్థూలముగా తీసికొందురు. ఆ లెక్కన 7 పాళ్ళకు తగ్గుదల 0.28. లాగరిథమ్ పట్టిక చూచినచో అది దాదాపు రెండు రెట్లు. అనగా 34 పాళ్ళ వద్దనున్న పట్టు 41 వద్ద సగమైపోవును. పట్టు సగమైన పదార్థము 5 నిమిషములకే పరుగెత్తి వచ్చుటలో వింత లేదు. పెద్ద అణువులకు, ముఖ్యముగా ప్రోటీనులకు, ఈ 4 అను సంఖ్య ఎన్నో రెట్లు పెద్దది. అక్కడ ఒకటి రెండు పాళ్ళ పొరపాటుకే పరీక్ష తలక్రిందులగును.

మరి 34 పాళ్ళతో ఐసోక్రాటిక్‌గా నడిపినచో శిఖరము 18వ నిమిషముననే వచ్చునా? రాదు. ఇదియొక సూక్ష్మము. అందరు తప్పక గమనింపవలెను. 34 అనునది పదార్థము ద్వారము దాటునప్పటి బలము. అంతకుముందు స్తంభము లోపల అది ఇంకను పలుచని ద్రావణిలో, మెల్లగా నడచివచ్చినది. స్తంభము నడుమ నున్నప్పుడు దాని పట్టు ద్వారము వద్ద పట్టుకు సుమారు రెండింతలుండును. మా లెక్క ప్రకారము 34 పాళ్ళతో నడిపినచో శిఖరము సుమారు 7న్నర నిమిషములకు, 26 లేక 27 పాళ్ళతో నడిపినచో సుమారు 12న్నర నిమిషములకు వచ్చును. ఐసోక్రాటిక్ పద్ధతికి మార్చదలచినవారు ఈ పలుచని మిశ్రమముతో మొదలుపెట్టి చూచుట మేలు.

నిలువ పరిమాణమును ఎట్లు కొలుచుదురు? యంత్రముతో వచ్చిన పుస్తకములో ఒక సంఖ్య యుండును గాని, గొట్టములు మార్చినచో అది మారును. యూరోపియన్ ఫార్మకోపియాలో ఒక చక్కని పద్ధతి గలదు. స్తంభమును తీసివేసి దాని స్థానమున సన్నని గొట్టమునుంచవలెను. మొదటి సీసాలో నీరు, రెండవ సీసాలో 1000 పాళ్ళకు 1 పాలు అసిటోన్ కలిపిన నీరు. 20 నిమిషములలో మొదటిదానినుండి పూర్తిగా రెండవదానికి మారునట్లు నడుపవలెను. అసిటోన్ 265 నానోమీటర్ల కాంతిని పీల్చుకొనును గనుక డిటెక్టరులో గీత పైకి లేచును. అది సగము ఎత్తుకు చేరిన కాలమును చూడవలెను. పట్టిక ప్రకారము సగము 10వ నిమిషమున రావలెను. నిజముగా 11వ నిమిషమున వచ్చినదనుకొందము. ఆలస్యము 1 నిమిషము, ప్రవాహముతో గుణించినచో నిలువ పరిమాణము. ఆ గీత ప్రారంభమున, చివరన మూలలు మొనదేలియుండక గుండ్రబడియుండును. మూతబిగించిన పాత్రను గుర్తుంచుకొమ్మంటిమి, అది మిక్సరు చేయు పని.

పరిమాణము స్థిరము, కాలము స్థిరము కాదు అను సంగతి మరువరాదు. అదే యంత్రమున ప్రవాహమును సగమునకు తగ్గించినచో ఆలస్యము 1 నిమిషము కాదు, 2 నిమిషములగును. స్తంభములోని 2న్నర నిమిషములు 5 అగును.

మన విద్యార్థి పై అధికారులు మందలించుటకు కొంత కారణము తెరపై గీతయే అని మా అభిప్రాయము. ఈనాటి సాఫ్ట్‌వేర్ శిఖరముల మీద ఒక వాలు గీతను గీసి చూపును. అది సాధారణముగా పట్టికలోని గీత, అనగా పంపు గీత. శిఖరపు కొనకు దిగువన ఆ గీతపై 41 అని కనిపించును. కంటికి కనిపించినది నమ్మిన కుఱ్ఱవానిని తప్పుపట్టుట సులభము. ఆ గీత దేనిదో ఒక్క మాట చెప్పియున్నచో రెండు దినముల పని మిగిలియుండెడిది.

ఇంకొక చిన్న లెక్క, ఖర్చునకు సంబంధించినది. ఒక పరీక్షకు అసిటోనైట్రైల్ ఎంత పట్టును? వాలు గీత క్రింది వైశాల్యమే దానికి జవాబు. 5, 65ల సగటు 35 శాతము, 30 నిమిషములకు 30 మిల్లీలీటర్లు, అందులో 35 శాతము 10న్నర మిల్లీలీటర్లు. స్తంభమును మరల 5 పాళ్ళకు తెచ్చి సిద్ధపరచుటకు అగు ఖర్చు దీనికి అదనము. ఇది పిసినారి లెక్క కాదు. అసిటోనైట్రైల్ అక్రిలోనైట్రైల్ తయారీలో ఉపఉత్పత్తిగా దొరకు వస్తువు. 2008, 2009 సంవత్సరములలో అక్రిలోనైట్రైల్ తయారీ మందగింపగా ప్రపంచమంతట అసిటోనైట్రైల్ కరవైనది. ఎన్నో పరీక్షాశాలలు మెథనాల్‌కు మారవలసివచ్చినది.

మెథనాల్‌కు మారువారికి ఒక హెచ్చరిక. 50 మిల్లీలీటర్ల నీరు, 50 మిల్లీలీటర్ల మెథనాల్ కలిపినచో 100 రాదు, 3, 4 మిల్లీలీటర్లు తగ్గును, వేడియు పుట్టును. కనుక విడివిడిగా కొలిచి కలుపుటకును, ఒకటి పోసి రెండవదానితో గీత వరకు నింపుటకును తేడా గలదు. ఏది చేసినది నోటు పుస్తకములో వ్రాయవలెను.

చివరగా, ముందు చెప్పిన పట్టికను పూర్తిచేయుదము. 4 నుండి 24 నిమిషముల వరకు 10 నుండి 60 పాళ్ళు. ప్రవాహము నిమిషమునకు 0.8 మిల్లీలీటరు. నిలువ పరిమాణము 1.2 మిల్లీలీటర్లు, కనుక ఆలస్యము 1న్నర నిమిషము. స్తంభములోని ద్రావణి 1.6 మిల్లీలీటర్లు, కనుక 2 నిమిషములు. శిఖరము 19న్నర వద్ద. రెండు ఆలస్యములు తీసివేయగా 16. పెరుగుదల మొదలై 12 నిమిషములు. 20కి 50 అయిన 12కి 30, మొదటి 10 కలిపి రెండవ సీసా 40 పాళ్ళు. సీసాలలో 5, 90 పాళ్ళ అసిటోనైట్రైల్ ఉన్నదనుకొన్నచో నిజమైనది 39. పంపు వద్ద సంఖ్య 48.75 అని మనము ముందే చూచితిమి.

ఈ పట్టికనే, ఇదే స్తంభముతో, నిలువ పరిమాణము 2 మిల్లీలీటర్లుగల వేరొక యంత్రముపై నడిపినచో శిఖరము ఎప్పుడు వచ్చును? ఆలస్యము 1న్నరకు బదులు 2న్నర నిమిషములు. గట్టిగా పట్టుకొను పదార్థమైనచో శిఖరము సుమారు 20న్నర వద్ద వచ్చును. దానిని చూచి మందు చెడినదనియో, స్తంభము చెడినదనియో తొందరపడువారు గలరు. స్తంభపు చివర బలము లెక్కకట్టి చూడుడు. అప్పుడును 40 పాళ్ళే. గడియారము మారినది గాని ద్రావణి మారలేదు.

మా విద్యార్థి తన నోటు పుస్తకమున అప్పటికప్పుడే మూడు నిలువు గీతలు గీసి, పంపు, ముఖము, చివర అని తలకట్టులు వ్రాసికొన్నాడు. తరువాత నెలలో వాని ఉత్తరము వచ్చినది. ఆ మూడు గడులను వారి విభాగములోని మిగిలినవారును వ్రాయుచున్నారట. ప్రొబేషను మాట ఇంకను తేలలేదట.